స్నాగ్ రిజిస్టర్: ఒక మిగ్-21 ఇంజన్ ఫిట్టర్ వినికిడి కేసు

ఈ కేసు రాస్తానంటే ఆయన వెంటనే ఒప్పుకున్నారు. కాగితం మీద సంతకం కూడా చేసి ఇచ్చారు. ఒక్క మాట మాత్రం అడిగారు: "పేరొద్దు మేడమ్. ట్రేడ్ రాయండి, చాలు." అందుకని ఇందులో ఆయన ఇంజన్ ఫిట్టరే. వయసు 74. సొంతూరు పాకాల దగ్గర పల్లె, ఇప్పుడు రేణిగుంట వైపు కొడుకు ఇంట్లో ఉంటున్నారు. నేను తిరుపతిలో చాలా ఏళ్ళుగా వినికిడి పరీక్షలు చేస్తూ, చెవి మిషన్లు అమరుస్తూ ఉన్నాను. ఈయన వచ్చి వెళ్ళాక నా కేసు షీటులో ఒక ప్రశ్న మార్చుకున్నాను. అదేమిటో దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను.

మతిమరుపు అని వచ్చిన ఫైలు

2025 ఫిబ్రవరి. ముందు కొడుకు ఒక్కరే లోపలికి వచ్చారు. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "నాన్నకి మతి సరిగా ఉండడం లేదు మేడమ్" అన్నారు. చేతిలో మందపాటి ఫైలు. ఒకచోట చేసిన జ్ఞాపకశక్తి పరీక్షలో మార్కులు బాగా తగ్గాయనీ, మతిమరుపు జబ్బు తొలిదశ అయ్యుండొచ్చనీ అందులో రాసి ఉంది. ఇంట్లోవాళ్ళు భయపడి ఇంకో న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్తే, ఆయన మందు రాయకుండా "ముందు చెవులు చూపించుకుని రండి" అని పంపారు. ఆ డాక్టరుగారు అంతకంటే ఏమీ చేయకపోయినా ఈ కేసులో సగం పని ఆయనదే.

తర్వాత భార్యాభర్తలిద్దరూ వచ్చి కూర్చున్నారు. ఆవిడ చెప్పిన మాట ఇది: "పాలు యాడ పెట్టినావయ్యా అంటే, కాలు బాగానే ఉండాదిలే అంటాడు మేడమ్. అడిగింది ఒకటి, చెప్పేది ఇంకొకటి. నెలకోసారి మిలిటరీ స్నేహితులంతా కూడతారు. అక్కడికి పోవడం కూడా మానేసి రెండేండ్లయింది."

పాలు అంటే కాలు. ఆ మాట వినగానే నేను ఫైలు మూసి పక్కన పెట్టాను. మతి తప్పిన మనిషి ప్రశ్నకు పొంతన లేని జవాబు చెప్పవచ్చు. ఈయన జవాబుకు మాత్రం పొంతన ఉంది. మోకాలి నొప్పి ఉన్న మనిషికి "కాలు" అని వినపడితే "బాగానే ఉంది" అనడం సరైన జవాబే. తప్పు జరిగింది మాట చెవిలోంచి లోపలికి పోయేటప్పుడు.

మన తెలుగులో పాలు, కాలు, తాలు, చాలు అని నాలుగు మాటలున్నాయి. వీటిలో అచ్చులు ఒకటే, చివరి "లు" ఒకటే. తేడా ఎక్కువగా మొదటి హల్లు విడుదలయ్యే ఆ చిన్న పేలుడులో ఉంది. ఆ పేలుడు సెకనులో వందో వంతుల లెక్క, అందులో ఎక్కువ భాగం హెచ్చు పౌనఃపున్యాల్లో ఉంటుంది. అచ్చుల బలమంతా కింది స్థాయిలో. పైస్థాయి వినికిడి పోయినవాళ్ళకి అచ్చు గట్టిగానే వినబడుతుంది, కాబట్టి "వినపడ్డం లేదు" అనరు. మాట మాత్రం తెలియదు. పాలు, బాలు పక్కపక్కన చెబితే వీళ్ళు సులువుగా తేడా చెబుతారు, ఎందుకంటే "బ"లోని నాదం కింది స్థాయిలో ఉంటుంది. పాలు, కాలు దగ్గర తడబడతారు. ఇది పరీక్ష గదిలోకి వెళ్ళకముందే, వరండాలోనే పట్టుకోగల గుర్తు. నేను నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ఆ అయిదు మాటలూ చెప్పాను. బాలు ఒక్కటీ ప్రతిసారీ సరిగ్గా చెప్పారు. మిగతా నాలుగూ కలిపేశారు.

కేసు షీటులో "శబ్దం ఎక్కువ ఉన్నచోట పనిచేశారా?" అని ఒక గడి ఉంటుంది. నేను అడగ్గానే కొడుకు జవాబిచ్చారు: "లేదు మేడమ్, నాన్న బ్యాంకు క్లర్కు. 2011లో రిటైరయ్యారు." నేను "లేదు" అని టిక్కు పెట్టబోయాను. ఆవిడ అడ్డం వచ్చి, "అది తర్వాత కదా, ముందు ఇరవై ఏండ్లు ఏర్‌ఫోర్సు" అన్నారు. ఆ మాట ఆవిడ అనకపోతే మొత్తం కేసు ఇంకో దారి పట్టేది. ఇప్పుడు నా షీటులో ఆ గడి లేదు. దాని బదులు "మొదటి ఉద్యోగం నుంచి వరసగా చెప్పండి, ఒక్కో చోట ఒక రోజు ఎలా గడిచేదో చెప్పండి" అని ఉంది.

టార్మాక్ మీద ఒక రోజు

నేను కుర్చీ ముందుకు లాక్కుని, వెలుగు నా ముఖం మీద పడేలా కూర్చుని, నిదానంగా అడిగాను. "మీరు ఏ విమానం మీద పనిచేశారు సార్?" ఆయన వెన్ను నిటారుగా పెట్టారు. "మిగ్-21. ముందు ఎఫ్ఎల్, తర్వాత బిస్." రెండూ ఆ యుద్ధవిమానంలో రకాలే. అప్పటిదాకా భార్య ముఖం చూసి జవాబులు చెప్పిన మనిషి ఆ తర్వాత నలభై నిమిషాలు ఎవరి వైపూ చూడలేదు.

1970లో 19 ఏళ్ళ వయసులో చేరారు. తాంబరంలో ట్రేడ్ శిక్షణ. 1971 యుద్ధం నాటికి ఇంకా శిక్షణలోనే ఉన్నారు, ఆ బాధ ఇప్పటికీ ఉందట. 1972లో పంజాబ్‌లోని ఒక స్క్వాడ్రన్‌కి వెళ్ళారు. మిగ్-21లు మన వాయుసేనకి వచ్చింది 1963లో, చండీగఢ్‌లో. తర్వాత హిందూస్తాన్ ఏరోనాటిక్స్ (హెచ్ఏఎల్) వాళ్ళు నాసిక్‌లో తయారుచేయడం మొదలుపెట్టారు. ఆయన చేతికి వచ్చినవి ఎక్కువగా ఆ నాసిక్ విమానాలే.

తెల్లవారకముందే పని మొదలు. వరసగా నిలబడి, తల వంచుకుని నేల చూసుకుంటూ టార్మాక్, అంటే విమానాలు నిలిపే నేలంతా నడిచేవాళ్ళు. చిన్న రాయి, స్క్రూ, తెగిన వైరు ముక్క ఏది కనబడినా ఏరి జేబులో వేసుకోవాలి. "మిగ్‌కి ముక్కే నోరు మేడమ్. ముందర ఏముంటే అది లోపలికి లాగేస్తుంది. రాయి పోతే కంప్రెసర్ బ్లేడ్లు పోయినట్టే." తర్వాత కవర్లు తీయడం, ఎర్ర గుడ్డముక్కలు వేలాడే సేఫ్టీ పిన్నులు లెక్కపెట్టి తీయడం, టార్చి వేసి లోపల చూడడం, లాకింగ్ వైర్లు వేలితో తడిమి చూడడం. పంజాబ్ చలికాలంలో ఆ వేళకి లోహం ముట్టుకుంటే చర్మం అతుక్కున్నట్టుండేదట. గ్లౌజు వేసుకుంటే వైరు తెలియదు కాబట్టి కుడిచేతి గ్లౌజు తీసేసేవారు. చివర్లో ఫారం 700, ప్రతి విమానానికీ ఉండే తనిఖీ రికార్డు. ఎయిర్‌ఫ్రేమ్ (విమానం బాడీ), ఇంజన్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంట్, రేడియో, ఆర్మమెంట్ (ఆయుధాలు), ఏ ట్రేడ్‌కి ఆ ట్రేడ్ సంతకం పెట్టాక పైలట్ సంతకం పెట్టి ఎక్కేవాడు. "మనం చేసిన సంతకం మీద ఒక మనిషి ఆకాశంలోకి పోతా ఉండాడు. అది మర్చిపోకూడదని మా వారెంట్ ఆఫీసర్ రోజూ చెప్పేవాడు."

శబ్దం గురించి అడిగితే చేతిని ఛాతీ మీద పెట్టి చూపించారు. "ఆఫ్టర్‌బర్నర్ వేస్తే చెవులతో వినేది కాదు మేడమ్. ఈ పక్కటెముకల్లో తెలిసేది." ఆఫ్టర్‌బర్నర్ అంటే ఇంజన్ వెనక అదనంగా ఇంధనం మండించి బలం పెంచేది.

నా వైపు నుంచి కొన్ని లెక్కలు చెప్పాలి. చెవికి 85 డెసిబెల్ శబ్దం రోజుకు 8 గంటల దాకా ఫరవాలేదనేది వృత్తి ఆరోగ్య నిపుణులు విస్తృతంగా పాటించే హద్దు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 100 డెసిబెల్ దగ్గర 15 నిమిషాలు. 115 దగ్గర అర నిమిషం కూడా లేదు. యుద్ధవిమానం పూర్తి శక్తితో నడుస్తుంటే దగ్గర నిలబడిన మనిషి చెవి దగ్గర 130 నుంచి 140 డెసిబెల్ దాకా ఉండొచ్చు. చెవుల మీద కప్పే మంచి ఇయర్ మఫ్ పెట్టుకున్నా మిగిలేది తక్కువేమీ కాదు. దాని మీద, ఆ రోజుల్లో వేసవిలో మఫ్ కింద చెమట కారుతుంటే చాలామంది దూది పెట్టుకుని సరిపెట్టుకునేవారట.

"రాత్రికి చెవిలో ఈల మోగేది. పొద్దున్నకి పోయేది. పోయింది కదా అని ఊరుకుండేవాళ్ళం," అన్నారు. ఆ ఈల చెవి చేసే ఫిర్యాదు. లోపలి చెవిలో శబ్దాన్ని అందుకునే రోమకణాలు అలసిపోయి కోలుకోవడమే ఆ రాత్రి ఈల, పొద్దుటి నిశ్శబ్దం. కొన్నేళ్ళకి కోలుకోవడం ఆగిపోతుంది. పోయిన కణం మనిషిలో మళ్ళీ పుట్టదు.

ఇంకొక చిన్న ప్రశ్న అడిగాను. రేణిగుంట విమానాశ్రయానికి వచ్చేపోయే విమానాలు ఇంట్లోంచి వినపడతాయా? "ఏటీఆర్ తెలుస్తుంది. ఫ్యాన్ రెక్కల గుమ్మనేది తెలుస్తుంది. జెట్టు వచ్చిందని మనవరాలు చూపిస్తే తలెత్తి చూస్తా. ఆ కూత నాకు వినబడి చానా రోజులయింది." ఆయన జీవితమంతా విన్న ఆ కూతే, ఆయన చెవి అన్నిటికంటే ముందు పోగొట్టుకున్నది.

పరీక్షల్లో ఏం తేలింది

చెవి గుంత, కర్ణభేరి శుభ్రంగా ఉన్నాయి. మధ్యచెవి పరీక్ష రెండు వైపులా మామూలే. ఎముక ద్వారా విన్నా, గాలి ద్వారా విన్నా ఒకటే లెక్క రావడంతో నష్టం లోపలి చెవిలోనని తేలింది. కుడిచెవి 500 హెర్ట్జ్ దగ్గర 25 డెసిబెల్, 1000 దగ్గర 30, 2000 దగ్గర 45, 4000 దగ్గర 70, మళ్ళీ 8000 దగ్గర 60. ఎడమచెవి అదే వరసలో 25, 35, 55, 85, 75. ఇవి ఆ స్థాయిలో వినబడిన అతి చిన్న శబ్దాలు; అంకె పెరిగేకొద్దీ వినికిడి తగ్గినట్టు, గ్రాఫులో గీత కిందికి దిగుతుంది. 4000 దగ్గర గుంటలా దిగి 8000 దగ్గర కాస్త లేచే ఈ గీత శబ్దం వేసిన ముద్ర. వయసుతో వచ్చే నష్టం మాత్రమే అయితే గీత పైకి లేవకుండా కిందికే జారుతుంది. ఈయనకి రెండూ కలిశాయి. శబ్దం వల్ల పోయేది ఆ శబ్దం ఆగాక పెరగదు. 1990లో వాయుసేన నుంచి బయటికొచ్చాక బ్యాంకులో ఇరవై ఏళ్ళూ నిలకడగా ఉండి, అరవై దాటాక వయసు నష్టం దాని మీద పేరుకుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. 500, 1000, 2000 మూడూ కలిపి సగటు తీస్తే కుడి 33, ఎడమ 38 వస్తుంది. అది మాత్రమే రిపోర్టులో రాస్తే "స్వల్ప లోపం" అనిపిస్తుంది, ఇంట్లోవాళ్ళు ఊరుకుంటారు. ఆయన కష్టమంతా ఆ సగటులోకి రాని చోట ఉంది. 25 తెలుగు మాటల జాబితా వినిపిస్తే కుడిచెవికి 19, ఎడమచెవికి 15 తెలిశాయి. వెనక గోల కలిపితే ఎడమచెవికి దాదాపు ఏమీ తెలియలేదు.

నన్ను ఆపింది ఎడమ, కుడి తేడా. 4000 దగ్గర 15 డెసిబెల్, మాటల్లో నాలుగు తక్కువ. శబ్దం వల్ల వచ్చే నష్టం మామూలుగా రెండు చెవులకీ దాదాపు సమానంగా ఉంటుంది. తేడా కనబడితే వినికిడి నరం మీద గడ్డ ఉందేమో చూడాలి. అరుదే అయినా చూడకుండా మిషన్ పెట్టడం తప్పు. ఈఎన్‌టీ డాక్టరుగారి దగ్గరికి పంపాను, ఎమ్మారై తీశారు, గడ్డ ఏమీ లేదు.

మరి తేడా ఎక్కడిది? రిపోర్టు తెచ్చిన రోజు అడిగాను. "ఇంజన్ నడుస్తున్నప్పుడు మీరు ఎలా నిలబడేవారో ఒకసారి చూపిస్తారా సార్?" ఆయన కుర్చీలోంచి లేచారు. కాళ్ళు కాస్త ఎడంగా పెట్టారు. కుడి అరచేయి ఛాతీ ఎత్తులో తెరుచుకుంది, అందులో స్టాప్‌వాచి ఉన్నట్టు బొటనవేలు ఒకసారి నొక్కింది. ఎడమచేయి దానంతట అది లేచి ఎడమచెవి దగ్గరికి వెళ్ళి, లేని మఫ్‌ని రెండంగుళాలు పక్కకి లాగింది. తల ఎడమకి వంగింది.

"ఇదేం చేస్తున్నారు?"

"రన్‌డౌన్ మేడమ్."

ఇంజన్ ఆపేశాక రోటరు, అంటే లోపల తిరిగే భాగం, పూర్తిగా నిలిచేదాకా ఎంతసేపు తిరుగుతుందో లెక్క చూస్తారు. తొందరగా ఆగితే లోపల ఏదో పట్టేస్తోందని అర్థం. వాచితో పాటు చెవి కూడా పెట్టాలి. ఎక్కడైనా గీరుకుంటుంటే ఆ శబ్దం ఆగే ముందు కొన్ని క్షణాల్లోనే తెలుస్తుంది. మఫ్ వేసుకుంటే అది వినపడదు, అందుకని ఎడమది ఎత్తేవారు. కుడిచేతిలో వాచి ఉంది కదా. తన ఇంజన్ ఆగుతున్నా టార్మాక్ మీద పక్కన ఇంకో రెండు నడుస్తూ ఉండేవి. అలా రోజుకు ఎన్నోసార్లు, ఇరవై ఏళ్ళు.

ఎడమచెవి ఎక్కువ పోవడానికి ఇదొక్కటే కారణమని నేను రుజువు చేయలేను. కానీ గడ్డ లేదని తేలాక ఇంతకంటే నమ్మదగిన కారణం నాకు కనబడలేదు. విమానం మాట వినడానికి తెరిచిన చెవే ఎక్కువ దెబ్బతిందని ఆయనకి చెబితే కాసేపు మాట్లాడలేదు. "ఆ చెవితోనే పట్టుకున్నా మేడమ్, ఒకటి" అన్నారు. ఆ కథ అప్పుడు చెప్పలేదు.

జ్ఞాపకశక్తి పరీక్ష సంగతి. అందులో కొన్ని మాటలు చెప్పి, కాసేపయ్యాక మళ్ళీ చెప్పమంటారు. మాటలే తప్పుగా వినబడితే గుర్తుపెట్టుకునేది కూడా తప్పే. చెవికి హెడ్‌ఫోన్ పెట్టి శబ్దం పెంచే చిన్న యాంప్లిఫయర్ ఒకటి నా దగ్గర ఉంటుంది. దాన్ని ఇచ్చి పంపి, అది పెట్టుకున్నాక పరీక్ష చేయమని న్యూరాలజిస్టుగారికి చీటీ రాశాను. మార్చిలో చేశారు. వయసుకి తగ్గట్టు మామూలుగానే వచ్చింది. అయినా ఏడాదికోసారి చూపించుకోమన్నారు. మతిమరుపు జబ్బు ముప్పు పెంచే, మనం సరిదిద్దుకోగలిగిన కారణాల్లో వినికిడి లోపం ఒకటని వైద్య పత్రిక లాన్సెట్ వేసిన కమిషన్ 2024 నివేదికలోనూ ఉంది, కాబట్టి ఆ సలహా సబబే. రిపోర్టు తీసుకుని వచ్చిన రోజు కొడుకు నా గదిలో కూర్చుని ఏడ్చారు. రెండేళ్ళుగా తండ్రి చేతికి డబ్బు ఇవ్వడం మానేశారట, లెక్క మర్చిపోతాడని.

మిషన్, రిజిస్టరు

ఏప్రిల్ మొదట్లో రెండు చెవులకీ మిషన్లు పెట్టాం. చెవి వెనక ఉండి, సన్నటి తీగతో చిన్న స్పీకర్ చెవిలోకి దిగే రకం. కింది స్థాయి వినికిడి బాగానే ఉంది కనుక చెవి మూసేయని గాలి రంధ్రాల డోములు పెట్టాను, లేకపోతే తన గొంతు తనకే కుండలో మాట్లాడినట్టు వినబడుతుంది. చెవిలో సన్నటి గొట్టం పెట్టి, కర్ణభేరి దగ్గర నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కొలిచి సరిచేశాను. ఈ కొలత చాలాచోట్ల ఎగ్గొడతారు. నేను మాత్రం ఇది లేకుండా ఎవరినీ పంపను, ఎందుకంటే కంప్యూటరు తెర మీద కనబడేది ఒక సగటు చెవికి వేసిన లెక్క.

మొదటి రోజే పూర్తి శక్తి ఇవ్వలేదు. పదిహేనేళ్ళుగా వినని శబ్దాలు ఒక్కసారి వస్తే మెదడు తట్టుకోదు, మిషన్ బీరువాలోకి పోతుంది. మూడొంతులతో మొదలుపెట్టి రెండు నెలల్లో పెంచాలని అనుకున్నాం. "ఇబ్బంది ఏమొచ్చినా రాసి తీసుకురండి" అన్నాను. అందరికీ చెప్పే మాటే అది. సాధారణంగా ఎవరూ రాయరు.

పది రోజులకి ఆయన ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చారు. స్కేలు పెట్టి గీసిన అయిదు గళ్ళు: తేదీ, స్థలం, స్నాగ్, రెక్టిఫికేషన్, సంతకం. వాయుసేనలో లోపాన్ని స్నాగ్ అంటారు, దాన్ని సరిచేయడాన్ని రెక్టిఫికేషన్ అంటారు. చివరి రెండు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. అవి నావి.

"వంటగది. స్టీలు గిన్నె గట్టు మీద పెడితే అదిరింది. ఎడమ ఎక్కువ."

"గోవిందరాజస్వామి గుడి. గంట బాగుంది. స్నాగ్ లేదు."

"రేణిగుంట బస్సు. కండక్టర్ మాట తెలియలేదు. ఎనక సీటులో ఫోన్ మాట తెలిసింది."

"ఇల్లు. మనవరాలు శ, స ఒకటే మాదిరి పలుకుతా ఉంది. ముందు అట్లా లేదు."

ఇంత శుద్ధమైన ఫిర్యాదులు నేను ఎప్పుడూ చూడలేదు. "బాగాలేదు", "గోలగా ఉంది" అని ఒక్కటీ లేదు. ఎక్కడ, ఏ శబ్దం, ఏ చెవి అని తేల్చి రాశారు. ఒకచోట తప్పు పడితే చెరపకుండా ఒక గీత కొట్టి పక్కన పొడి అక్షరాలు వేశారు, ఫారం 700లో చేసినట్టు. గిన్నె దెబ్బకి ఎడమవైపు గరిష్ఠ ధ్వని హద్దు తగ్గించాను. బస్సులో వెనక మాట వినబడుతున్నదంటే మైకుల దిశ మారలేదని అర్థం, ముందు వైపుకి తిప్పే అమరిక గట్టి చేశాను. శ, స గొడవ నా తప్పు. ఎడమచెవిలో పైస్థాయి బాగా పోయిందని, ఆ శబ్దాలని కిందికి దించి వినిపించే సౌకర్యం ఆన్ చేశాను. శ, స రెండూ ఒకచోటికే వచ్చి పడ్డాయి. ఆపేశాను. ఒక్కోదానికి ఎదురుగా ఏం చేశానో రాసి సంతకం పెట్టాను. ఆయన ప్రతి సంతకమూ చదివి, ఖాళీ గడి ఉంటే వేలు పెట్టి చూపించేవారు.

జూన్ నాటికి మామూలు గొంతుతో వినిపించిన 25 మాటల్లో కుడికి 23, ఎడమకి 18 తెలిశాయి. ఎడమచెవి ఇంతకంటే ముందుకు పోదని అప్పుడే చెప్పేశాను. శబ్దం పెంచగలం గానీ పోయిన కణాల స్పష్టత మిషన్ తేలేదు. ఇల్లు, గుడి, బ్యాంకు గడులు నెమ్మదిగా ఖాళీ అయ్యాయి. ఒక స్నాగ్ మాత్రం ప్రతి నెలా అదే మాటల్లో వచ్చింది: "మీటింగ్. ఎవరిదీ తెలియలేదు." అంటే వెళ్ళడం మళ్ళీ మొదలుపెట్టారు. వెళ్ళి, వినలేక తిరిగొస్తున్నారు.

మేడ మీద మీటింగు

జులైలో నేనే వెళ్ళాను. బస్టాండు దగ్గర ఒక హోటల్ మేడ మీద చిన్న హాలు. తొమ్మిది మంది, అందరూ డెబ్భై దాటినవాళ్ళే. గది గోడలు నున్నటి టైల్స్, పైన నాలుగు ఫ్యాన్లు, కింద గచ్చు, స్టీలు ప్లేట్లలో వడలు. మీటరు పెట్టి చూస్తే 72 డెసిబెల్. గోడ గోడకీ కొట్టుకుని మాట తిరిగి వస్తోంది. అలాంటి గదిలో మిషన్ ఒక్కటే ఏమీ చేయలేదు.

కుర్చీలు గోడ దగ్గర నుంచి కిటికీ మూలకి మార్పించాను, రెండు ఫ్యాన్లు ఆపించాను. ఆయన ఎడమచెవి గోడ వైపు, కుడిచెవి మనుషుల వైపు. టేబుల్ మధ్యలో బిళ్ళంత రిమోట్ మైక్రోఫోన్ పెట్టాను. అది మాట్లాడేవాళ్ళ గొంతుని నేరుగా ఆయన మిషన్లలోకి పంపుతుంది. "ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి సార్" అని అడిగాను. పాత అలవాటు, వెంటనే పాటించారు.

మదనపల్లె నుంచి వచ్చిన ఎయిర్‌ఫ్రేమ్ ఫిట్టరొకాయన మొదలుపెట్టారు. బ్రేక్ పారాచూట్ల గురించి. దిగిన ప్రతి మిగ్ తోక నుంచి విడిచిన గొడుగుని రన్‌వే పక్కన పరుగెత్తి తీసుకురావడం, తడిస్తే ఆరబెట్టడం, మళ్ళీ మడిచి కుక్కడం. వర్షాకాలం అంతా గొడుగులు ఆరేసుకోవడంతోనే సరిపోయేదట. ఆర్మమెంట్ ఆయన మధ్యలో అందుకున్నారు. నేను మాత్రం మా ఇంజన్ ఫిట్టర్ ముఖమే చూస్తున్నాను. ఆయన చూపు ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు సరిగ్గా ఆ క్షణంలోనే తిరుగుతోంది. ఒకచోట అందరితో పాటు నవ్వారు, అందరి తర్వాత కాదు.

అప్పుడు ఎయిర్‌ఫ్రేమ్ ఆయన, "ఏమబ్బా, ఆ గీరుడు కథ నువ్వే చెప్పు" అన్నారు.

ఒక సాయంత్రం రన్‌డౌన్ లెక్క సరిగానే వచ్చింది. వాచి ప్రకారం ఇంజన్ బాగుంది. ఆగే ముందు రెండు మూడు క్షణాలు ఎడమచెవికి చీపురుపుల్ల నేల మీద గీసినట్టు వినబడింది. ఇంకోసారి నడిపించమన్నారు. రెండోసారీ వినబడింది. పక్కన ఉన్న ఇద్దరికీ వినపడలేదు. చీకటి పడుతోంది, మర్నాడు పొద్దున్నే ఆ విమానం ఎగరాలి. ఆయన ఫారం 700లో సంతకం పెట్టనన్నారు. ఆఫీసరు కోపంగా చూసి, చివరికి ఆయిల్ ఫిల్టర్ విప్పించారు. ఫిల్టర్‌లో వెండిరజను లాగా లోహపు పొడి. "రాత్రంతా పనే. మిగ్‌ని నడుముకాడ విడదీసి తోక భాగం ఎనక్కి లాగితే గానీ ఇంజన్ బయటికి రాదు. తెల్లారేసరికి వేరే ఇంజన్ ఎక్కించినాము," అన్నారు. పైలట్ రెండో రోజు వచ్చి ఆయన భుజం మీద చేయి వేసి ఏదో అన్నాడట. పక్కన ఇంకో విమానం నడుస్తోంది, ఏమన్నాడో వినపడలేదు.

మిగిలిపోయిన స్నాగులు

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లోనే మిగ్-21లకి వీడ్కోలు చెప్పారు, 62 ఏళ్ళకి. తిరుపతిలో వీళ్ళంతా ఒకరి ఇంట్లో టీవీ ముందు కూర్చున్నారు. మర్నాడే ఆయన రిజిస్టరుతో వచ్చారు. ఆ రోజు గడిలో ఇలా ఉంది: "టీవీ. మాటలు ఫస్టుగా ఉన్నాయి. ఇంజన్ శబ్దం వచ్చేటప్పుడు మిషన్ అదిమేస్తా ఉంది. కూత ఎనకే ఇంకో దొంగ కూత."

చదవగానే అర్థమైంది. నేనే చేశాను అది. మాట ఎగుడుదిగుడుగా, సెకనుకు నాలుగైదు అక్షరాలుగా సాగుతుంది. ఎడతెగకుండా ఒకే తీరున వచ్చే శబ్దాన్ని మిషన్ గోల అనుకుని తగ్గిస్తుంది. జెట్టు శబ్దం సరిగ్గా అలాంటిది. ఇక సన్నటి కూత వస్తే, తన స్పీకర్ శబ్దం తన మైకులోకి తిరిగొచ్చి ఈల వేస్తోందని మిషన్ భ్రమపడి, దాన్ని చంపడానికి ఎదురు కూత పుట్టిస్తుంది. ఆయన రాసిన దొంగ కూత అదే. ఆయనకి మాటలు వినిపించాలని నేను చేసినదంతా ఆయన అన్నిటికంటే వినాలనుకున్న శబ్దాన్ని మూసేసింది.

మూడో ప్రోగ్రాం ఒకటి కొత్తగా పెట్టాను. గోల తగ్గించేది పూర్తిగా ఆపి, ఈల అణిచేదాన్ని కనిష్ఠానికి దించి, గరిష్ఠ హద్దు మాత్రం గట్టిగా ఉంచాను. టీవీ, ఫోన్ దగ్గర తప్ప వాడకూడదని చెప్పాను. ఆయన స్నేహితులెవరో పంపిన వీడియో ఫోన్‌లో ఉంది, నేల మీద కట్టేసి నడిపిన మిగ్ ఇంజన్. మోత పెట్టి నా టేబుల్ మీద ఉంచారు. చప్పుడు పెరిగి, నిలబడి, తర్వాత ఇంజన్ ఆపేశారు. కూత సన్నబడుతూ దిగుతోంది. ఆయన కళ్ళు మూసుకున్నారు. కుడి బొటనవేలు ఒకసారి నొక్కింది. ఎడమచేయి లేచి చెవి దగ్గరికి వెళ్ళి, మిషన్ తగలగానే ఆగింది. నాకు వినపడడం ఆగిపోయాక కూడా ఆయన తల అలాగే వంచి ఉంచారు. తర్వాత బొటనవేలు మళ్ళీ నొక్కింది.

"క్లియర్ మేడమ్," అన్నారు. రిజిస్టరు నా వైపు తిప్పారు. సంతకం పెట్టాను.

నవంబర్ నాటికి రిజిస్టరులో తెరిచి ఉన్న స్నాగులు రెండు. గోల ఎక్కువ ఉన్నచోట ఎడమచెవికి మాట తెలియకపోవడం ఒకటి. దానికి ఎదురుగా "ఇది పోదు, కుడివైపు తిప్పి కూర్చోవాలి" అని రాసి సంతకం చేశాను, ఆయన ఒప్పుకున్నారు. రెండోది రాత్రిపూట ఈల. మిషన్ పెట్టుకున్నంతసేపు మరుగున పడుతోంది, తీసి పడుకుంటే వస్తోంది. ఫ్యాన్ శబ్దం తోడుగా ఉంచుకోమన్నాను, కొంత నయం. "రెక్టిఫైడ్ అని రాయమంటారా?" అని అడిగితే తల అడ్డంగా ఊపారు. సగం నయమైనదానికి సంతకం ఉండదు. ఆ గడి ఖాళీగానే ఉంచాం. వచ్చే నెల రెండో మంగళవారం మళ్ళీ వస్తారు.